పేపర్లో వచ్చిన గ్రహణం

మన పాతబస్తీకి ఖగోళశాస్త్రం కొత్తేమీ కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లోనే ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పారు. తర్వాతి కాలంలో అదే నిజామియా అబ్జర్వేటరీ అయింది. అయినా బహదూర్‌పురాలోని మామూలు ఇళ్లలోకి ఆ శాస్త్రాన్ని తెచ్చింది దినపత్రికే.

1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం. అప్పుడు నేను మన బడిలో తొమ్మిదో తరగతి. నగరానికి 50 కిలోమీటర్ల దూరంలో, జపాల్-రంగాపూర్‌లో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాల సంపూర్ణ గ్రహణ మార్గంలో ఉందని పేపర్లో చదివి పొంగిపోయాం. ఆ పక్కనే, సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయన్న హెచ్చరిక. ఉత్త కళ్లతో చూడటం ప్రమాదమే. కానీ ఎలా చూడవచ్చో మా వీధిలో ఎవరికీ తెలియలేదు. మా ఇంట్లో ఆవకాయ జాడీ మీద దర్భ, పట్టు స్నానం, విడుపు స్నానం. పక్కింటివారిది గ్రహణ నమాజు. మధ్యాహ్నానికి వీధిలో పిట్ట లేదు.

ఆరేళ్లకు, 1986లో హేలీ తోకచుక్క వచ్చింది. 76 ఏళ్లకోసారి వచ్చే చుట్టమని పత్రికలు పరిచయం చేశాయి. ఏ దిక్కున, ఏ వేళకు చూడాలో పటాలు వేశాయి. అంతకు ముందు ఏడాదే నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం తెరిచారు. పేపర్లో చదివిన పిల్లలు అక్కడికి తీసుకెళ్లమని పెద్దల వెంటపడ్డారు. తోకచుక్క అనుకున్నంత వెలుగుతో కనిపించలేదు గానీ, డాబా ఎక్కి ఆకాశం చూసే అలవాటు మాత్రం నిలిచింది.

1995 అక్టోబరు 24న, దీపావళి మర్నాడు, మళ్లీ సూర్యగ్రహణం. హైదరాబాదులో పాక్షికమే. ఈసారి అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, సూర్యుడి నీడబొమ్మను కాగితం మీద పట్టే పద్ధతిని పత్రికలు వివరించాయి. 1980లో తలుపులేసుకున్న మా వీధిలోనే పిల్లలు అట్టముక్కలతో బయటికొచ్చారు.

జనంలో భక్తీ ఆచారమూ తగ్గలేదు. స్నానాలు, నమాజులు సాగాయి. మారింది పేపరు చెప్పిన తీరు. ‘చూడొద్దు’ అన్న వార్త భయాన్ని పెంచింది. ‘ఇలా చూడండి’ అన్న వార్త ఆసక్తిని పెంచింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. 2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మన నగరంలో పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. ఆ రోజు పిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టకండి. తలా ఒక అట్టముక్క ఇచ్చి, మన బడి మైదానంలోకి తీసుకురండి. సూదులు, అట్టల ఖర్చు మా బ్యాచ్‌ది.