సలహా బృందం నుంచి సహకార కార్యాలయం దాకా

1947లో అమెరికా గ్రీస్, టర్కీలకు సైనిక సాయం మొదలుపెట్టింది. ఆయుధాల లెక్క చూడటానికి, వాడకం నేర్పడానికి అధికారులనూ పంపింది. 1949 నాటి పరస్పర రక్షణ సహాయ చట్టంతో ఈ ఏర్పాటు మరెన్నో దేశాలకు పాకింది. 1950లో సైగాన్ చేరిన అమెరికా సలహా బృందం మొదట ఫ్రెంచి సైన్యానికి అందే సరంజామాను పర్యవేక్షించేది. ఫ్రెంచివారు వెళ్లిపోయాక దక్షిణ వియత్నాం సైన్యానికి తర్ఫీదు ఇవ్వడం దాని పనైంది. సలహా ఎక్కడ ఆగిందో, యుద్ధం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 1964లో ఆ బృందం అక్కడి అమెరికా సైనిక కమాండ్‌లో కలిసిపోయింది.

తర్వాత అమెరికన్ కాంగ్రెస్ పగ్గాలు బిగించింది: ప్రత్యేక అనుమతి లేకుంటే ఒక్కో దేశంలో ఆరుగురికి మించి సైనికులు ఈ పనిలో ఉండకూడదు. అలాంటి బృందాల స్థానంలో వచ్చిన నేటి భద్రతా సహకార కార్యాలయాలు అమెరికా రాయబారి అజమాయిషీలో ఆయుధాల అమ్మకాలు, శిక్షణ వ్యవహారాలు చూస్తాయి. రాయబార కార్యాలయంలోని రక్షణ అటాషే విభాగం పని వేరు: సమాచారం సేకరించి స్వదేశానికి నివేదించడం.