పక్కపక్క మంచాలు

రాత్రి రెండు దాటింది. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి, మెడికల్ వార్డు. కిటికీ అవతల ఉక్కు కర్మాగారం వైపు ఆకాశంలో ఎర్రటి జీర. మీరు నర్సుల బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. ల్యాబ్ నుంచి ఫోన్. సిస్టర్ అంకె రాసుకుని, సరిగ్గా విన్నానా లేదా అని తిరిగి చదివి వినిపిస్తుంది. పొటాషియం 7.1.

ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా.

ఆ రక్తం కిటికీ పక్క మంచం మీది పెద్దాయనది. ఉద్దానంలో కవిటి దగ్గరి ఊరి నుంచి కుర్రతనంలో వచ్చి, కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. రెండు కిడ్నీలూ పోయాయి. పెళ్లి పనుల్లో పడి ఈ వారం ఒక డయాలసిస్ తప్పింది. ఒంట్లో ఎలా ఉందంటే, "కాళ్లు కొంచెం లాగేస్తన్నాయి, అంతే" అంటాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు. పొటాషియంతో భయమే ఇది: గుండె ఆగబోయే ముందు కూడా మనిషి మామూలుగా మాట్లాడుతూ ఉండొచ్చు.

డ్యూటీ డాక్టర్ మొదట రక్తం ఎలా తీశారో అడుగుతుంది. పట్టీ బిగించి కట్టినా, సిరంజిలో కణాలు చితికినా లోపలి పొటాషియం కారి అంకె అబద్ధం చెబుతుంది. శరీరంలోని పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది మరి. బయట తిరిగే ఆ రెండు వంతుల్లో కాస్త తేడా వచ్చినా గుండె లయ తప్పుతుంది. ఈలోపు ఈసీజీ కాగితం బయటికొస్తుంది. వంగి చూడండి. టీ తరంగాలు సూదిగా లేచాయి, పీ తరంగం దాదాపు కనబడదు, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతోంది. అంకె నిజమే. రెండో శాంపిల్ వెళుతుంది కానీ దాని కోసం ఎవరూ ఆగరు.

కాల్షియం గ్లూకోనేట్, 10 మి.లీ. ఎడమ చేతిలో డయాలసిస్ ఫిస్టులా ఉంది కాబట్టి కుడిచేతి నరంలోకి, అయిదు నిమిషాలపాటు మెల్లగా, కళ్లు మానిటర్ మీదే. ఈ మందు పొటాషియాన్ని రవ్వంత కూడా తగ్గించదు. గుండె కండరానికి కాపు కాస్తుంది, అదీ అరగంట నుంచి గంట. ఆ గంటలో మిగతా పని జరగాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఈ వరుసే ప్రాణం నిలబెడుతుందని నా నమ్మకం.

రెండోది ఇన్సులిన్, దానితోపాటు గ్లూకోజ్. పొటాషియం తిరిగి కణాల్లోకి వెళుతుంది. ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించి సాల్బుటమాల్ పొగ. ఉబ్బసానికి వాడే మందు గొట్టం ఒకటి చాలదు, నాలుగు కలపాలి. ఇక గంటగంటకూ షుగర్ చూడాలి. కిడ్నీ లేనివాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది, తెల్లవారుజామున షుగర్ ఒక్కసారిగా పడిపోగలదు. వేలు గుచ్చి చూసే సిస్టర్ పనిని ఎవరూ పెద్దగా మెచ్చుకోరు. మెచ్చుకోవాలి.

"మాజీ, క్యా ఖిలాయా?" అని సిస్టర్ పెద్దాయన భార్యను అడిగితే ముసలమ్మ కూతురి వైపు చూసింది.

"అమ్మా, నాన్నకేటిచ్చినావే?"

"ఏటుందే, బొండాం నీళ్లే. మన తోటవి. పెళ్లికొచ్చినోళ్లు బస్తాడు తెచ్చినారు. దాహమంటే మూడు కొట్టిచ్చినాను."

ఉద్దానం కొబ్బరి. ఒక్కో బొండాంలో ఆరేడు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. డయాలసిస్ మనిషికి రోజంతటికీ రెండు మూడు గ్రాములే హద్దు. అదే ఉద్దానంలో వేలమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. 2023లో పలాసలో వాళ్లకోసం ప్రత్యేకంగా ఆసుపత్రి వచ్చింది. ఊరు వదిలి వచ్చినవాళ్ల ఇళ్లకు మాత్రం ఆ తోట కాయ ప్రేమగానే వస్తుంది. ఆవిడను ఎవరూ తప్పుపట్టలేదు.

ఇటు తిరగండి. పక్క మంచం మీద ఇరవై ఏళ్ల కుర్రాడు. మూడు రోజుల వాంతులు, విరేచనాలు. పొటాషియం 2.3. కాలు పైకెత్తమంటే ఎత్తలేడు. అక్కడ అంతా పరుగు, ఇక్కడ తొందరే ప్రమాదం. పొటాషియం క్లోరైడ్‌ను నరంలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ ఆంప్యూల్ చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటుంది, అందుకే తాళం వేసిన వేరే అరలో పెడతారు. ఇద్దరు సిస్టర్లు లేబుల్ పైకి చదువుతారు. సెలైన్‌లో కలిపాక సంచిని తలకిందులు చేసి బాగా కలియబెడతారు, లేకపోతే మందు అడుగున పేరుకుని మొదటే వెళ్లిపోతుంది. పంపు మీద గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు. మెగ్నీషియం కూడా ఇస్తున్నారు. అది తక్కువుంటే ఎంత ఎక్కించినా పొటాషియం నిలవదు.

నాలుగింటికి పెద్దాయన మంచం డయాలసిస్ గదికి కదిలింది. కొత్త ఈసీజీలో టీ తరంగాలు దిగాయి. అయినా డాక్టర్ కేస్ షీట్‌లో రాస్తోంది: డయాలసిస్ అయిన ఆరు గంటలకు పొటాషియం మళ్లీ చూడాలి. కణాల్లో దాగినది తిరిగి బయటికొస్తుంది.

"మరి ఇంటికాడ మిగిలిన బొండాలో?" ముసలమ్మ అడిగింది.

కూతురు ఆ మాటను హిందీలోకి మార్చింది. డాక్టర్ పక్క మంచం వైపు చేయి చూపింది. ఆ అబ్బాయి కిడ్నీలు బాగున్నాయి, రేపు వాంతులు ఆగితే తాగొచ్చు.