లండన్ నుంచి సిడ్నీకి విమానయానం

లండన్, సిడ్నీ నగరాల మధ్య ఆకాశమార్గాన అతి దగ్గరి దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. గాలివాటాన్ని, దేశాల గగనతల ఆంక్షలను బట్టి విమానాలు ఇంతకన్నా కొంత చుట్టు తిరిగే వెళ్తాయి. ఈ దారిలో ప్రయాణకాలం తగ్గడానికి వేగం ఎంత కారణమో, మజిలీలు తగ్గడమూ అంతే కారణం.

ఇంగ్లండ్ నుంచి 30 రోజుల్లోగా ఎగిరి వచ్చే తమ దేశస్థులకు 10,000 పౌండ్ల బహుమతి ఇస్తామని 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్‌లను వెంటబెట్టుకుని నవంబరు 12న వికర్స్ విమీ విమానంలో బయల్దేరి, డిసెంబరు 10న ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్‌లో దిగారు. వాళ్లు కూర్చున్న చోటికి పైకప్పు లేదు. చలీ వానా నేరుగా మొహానికే కొట్టేవి. జావా దీవిలోని సురబయలో చక్రాలు బురదలో కూరుకుపోతే స్థానికుల ఇళ్ల నుంచి వెదురు చాపలు తెప్పించి నేలమీద పరిచారు. ఆ చాపల మీదుగా పరుగెత్తి విమానం పైకి లేచింది. సాహసం పైలట్లదే అయినా, ఆ చాపలిచ్చినవాళ్లకూ ఈ చరిత్రలో చోటుండాలి.

దారిపొడవునా మంచి రన్‌వేలు లేకపోవడంతో 1938లో నీటిమీద దిగే విమానాలతో సర్వీసు నడిపారు. సౌతాంప్టన్ నుంచి సిడ్నీకి తొమ్మిది పది రోజులు పట్టేది. రాత్రిళ్లు ప్రయాణికులు హోటళ్లలో బస చేసేవారు. కరాచీ, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తా ఈ దారిలోని మజిలీలే. రెండో ప్రపంచ యుద్ధం ఆ మార్గాన్ని తెంచేసింది.

1947 డిసెంబరు 1న ఆస్ట్రేలియా విమానయాన సంస్థ క్వాంటాస్ కాన్‌స్టలేషన్ విమానం సిడ్నీ నుంచి లండన్‌కు బయల్దేరింది. మధ్యలో ఆరు చోట్ల ఆగుతూ నాలుగు రోజుల్లో చేరింది. 1959లో బోయింగ్ 707 జెట్ వచ్చాక ప్రయాణం సుమారు ఒకటిన్నర రోజుకు దిగింది. అప్పటి జెట్ గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో ఎగిరేది. నేటి విమానాల వేగమూ ఇంచుమించు అంతే. ఆ తర్వాత ఆదా అయిన కాలమంతా ఎక్కువ ఇంధనం మోసే, తక్కువ ఇంధనం తాగే విమానాల పుణ్యమే.

1989 ఆగస్టులో బోయింగ్ 747-400 లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో చేరింది. ఇంధనం చుక్క కూడా వృథా కాకూడదని దాన్ని రన్‌వే దాకా ట్రాక్టరుతో లాక్కెళ్లారు. లోపల ఉన్నది కొద్దిమందే కాబట్టి అది వ్యాపారానికి పనికొచ్చే ప్రయాణం కాదు. 2018లో పెర్త్–లండన్ మధ్య నేరుగా రోజువారీ సర్వీసు మొదలైంది. 14,498 కిలోమీటర్లకు సుమారు 17 గంటలు. 2019 నవంబరులో దాదాపు 50 మందితో లండన్ నుంచి సిడ్నీకి చేసిన పరీక్షా ప్రయాణానికి 19 గంటల 19 నిమిషాలు పట్టింది.

సిడ్నీ–లండన్ నాన్‌స్టాప్ సర్వీసు కోసం క్వాంటాస్ 2022లో ఎయిర్‌బస్ ఎ350-1000 విమానాలను ఆర్డర్ చేసింది. వాటిలో అదనపు ఇంధన ట్యాంకు ఉంటుంది. మామూలుగా 300కు పైగా సీట్లు పట్టే విమానంలో 238 మాత్రమే ఉంటాయి. మజిలీలన్నీ పోయాక ఇక తగ్గించడానికి మిగిలేది ఎగిరే సమయమే. వేగం పెరిగితే తప్ప అది తగ్గదు.