కొమ్మెక్కిన వేరు: మన చేలల్లోని పరాన్నజీవి మొక్కలు

జగిత్యాల మామిడి తోటల్లో ముదురు చెట్లను నిదానంగా చూస్తే, మామిడివి కాని ఆకులు కొమ్మల మధ్య గుబురుగా కనిపిస్తాయి. అది బదనిక. తన ఆహారం చాలావరకు తానే వండుకుంటుంది, నీళ్లూ లవణాలూ మాత్రం మామిడి నుంచి లాగుతుంది. కోరుట్ల, సిరిసిల్ల వైపు కంచెలకు పసుపు దారంలా చుట్టుకునే సీతమ్మ పోగునూలుకైతే వేరూ లేదు, ఆకూ లేదు. రెండూ పూలు పూసేవే, ఇంకొకరి మీద బతికేవే. అయినా రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. బదనిక శ్రీగంధం వర్గానిది, పోగునూలు చిలగడదుంప కుటుంబానిది.

పూల మొక్కల్లో ఈ జీవనం ఒక్కచోట పుట్టి పాకలేదు. సుమారు 12 సార్లు విడివిడిగా పుట్టింది. నేడు దాదాపు 4,500 జాతులు ఇలా బతుకుతున్నాయి. పుట్టిన ప్రతిసారీ పరిణామం ఒకే పనిముట్టును తయారుచేసింది. ఆతిథ్యమిచ్చే మొక్కలోకి చొచ్చుకుపోయే ఆ పీల్చువేరే హాస్టోరియం.

శ్రీగంధం వర్గంలో దోపిడీ మొదట నేల కిందే సాగింది. శ్రీగంధం ఇప్పటికీ పక్క మొక్కల వేళ్లను పట్టుకునే పెరుగుతుంది. ఈ సంగతిని 1871లో వృక్షశాస్త్రవేత్త జాన్ స్కాట్ గుర్తించాడు. 1906 నాటికి మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త బార్బర్ దాని పీల్చువేళ్లను వివరంగా పరిశీలించాడు. అందుకే గంధం మొక్క పక్కన కంది పెడతారు. అదే వర్గంలోని కొన్ని మొక్కలు నేల వదిలి కొమ్మలెక్కాయి. ఆ ఎక్కడం 5 సార్లు జరిగిందని 2008 నాటి డీఎన్‌ఏ పరిశోధన తేల్చింది. బదనిక కుటుంబం ఎక్కింది సుమారు 2.8 కోట్ల ఏళ్ల కిందట. దాని జిగురు గింజలను కొమ్మ నుంచి కొమ్మకు చేర్చేవి పిట్టలే. కొంకణంలో ఈ బంధాన్ని 1930లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వివరించాడు.

సీతమ్మ పోగునూలుకు శాస్త్రనామం పెట్టినవాడు రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను పరిశీలించిన ఆయన, 18వ శతాబ్దం చివర కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఈ ప్రజాతి మొక్కల జన్యువులను 2018లో పూర్తిగా చదివితే, వేళ్లకూ ఆకులకూ అవసరమైనవి ఎన్నో రాలిపోయి ఉన్నాయి. అక్కరలేనిదాన్ని వదిలేయడం కూడా పరిణామమే.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది జొన్నచేలో మల్లె, అంటే స్ట్రైగా. ఇసుక రేణువుకన్నా చిన్నవైన దీని గింజలు నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. దగ్గర్లో తగిన వేరు పెరిగితేనే లేస్తాయి. వాటిని లేపే పదార్థాన్ని 1966లో మొదటిసారి వేరుచేసింది జొన్న నుంచి కాదు, పత్తి వేరు నుంచి! మొక్కలు దీన్ని స్రవించేది తమకు మేలుచేసే శిలీంధ్రాలను పిలవడానికని 2005లో తెలిసింది. ఆ పిలుపును స్ట్రైగా పొంచి విని, తనకు వాడుకుంటోంది. పత్తి మాత్రం దానికి తిండి పెట్టదు. పత్తి వేరు పిలిస్తే మొలిచిన గింజ, పట్టు దొరకక చస్తుంది. మల్లె బెడద ఉన్న జొన్న, మక్క చేలల్లో పత్తితో పంట మార్పిడి చేస్తే గింజల నిల్వ తరిగేది ఇందుకే.

బదనికకు ఇలాంటి ఉపాయం లేదు. పండ్లు పండకముందే, అది అతుక్కున్న చోటికి కాస్త కిందుగా కొమ్మతో సహా కోసేయాలి. పైపైన ఆకులు తుంచితే లోపలి పీల్చువేరు మళ్లీ చిగురిస్తుంది. పక్క తోటవాళ్లనూ కలుపుకుని ఈ పని చేయండి, పిట్టలకు గట్లు అడ్డం కావు.