కూతవేటు

కలెక్టరేటుకు కూతవేటు దూరంలో చోరీ, పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలో పేకాట. ఈ మాట లేకుండా తెలుగు జిల్లా పేజీలు గడవవు. వాడి వాడి ‘దగ్గర’ అనే ఒక్క అర్థమే మిగిల్చాం. విప్పి చూస్తే అందులో రెండు క్రియలున్నాయి. కూయు నుంచి కూత, వేయు నుంచి వేటు. గొంతులోంచి విసిరిన కూత ఎక్కడిదాకా వెళ్ళి పడుతుందో అక్కడిదాకా కూతవేటు. నేల ఎంతుందో దీనికి పట్టదు. ఒకరి గొంతుకూ ఇంకొకరి చెవికీ మధ్య ఎంత ఎడం ఉండవచ్చో చెబుతుంది.

ఈ మాట మీద ఇప్పుడు ఇంత ఆలోచన ఎందుకంటే, యంత్రాలు కూడా కూతలు నేర్చాయి. ఒక పరికరం స్పీకరు నుంచి మన చెవికి వినబడే స్వరం ఒకటి వెలువడుతుంది. పక్కనున్న పరికరం మైకుతో దాన్ని అందుకుని అంకెలుగా విప్పుకుంటుంది. తీగ అక్కర్లేదు, రేడియో అక్కర్లేదు, కరెంటు ఖర్చు బహు తక్కువ. మన రాతల్లో దీన్ని ‘ధ్వని ఆధారిత సమాచార ప్రసారం’ అంటున్నారు. నాలుగు పెద్ద మాటలు పేర్చినా ఎంత దూరం పోతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎవరెవరికి వినబడుతుందో ఒక్కటీ చెప్పని పేరు. కూత అన్న రెండక్షరాల్లో ఆ మూడూ ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ముందు దూరం సంగతి. తమిళంలో కూవు, కన్నడంలో కూగు, మలయాళంలో కూవుక, మనకు కూయు. ధాతువు ఒక్కటే. తమిళులు పిలిస్తే వినబడేంత మేరను ‘కూప్పిడు తూరం’ అంటారు. సంస్కృతం కూడా ఇదే దారి తొక్కింది. క్రోశం అంటే మొదట అరుపు. ఆక్రోశంలో ఆ అరుపు ఇంకా బతికే ఉంది. తరవాత అది అరుపు వినబడేంత దూరమైంది, అక్కణ్ణించి కోసు అయింది. నాలుగు క్రోశాలు ఒక యోజనమని శాస్త్రాలు లెక్క కట్టాయి, ఆ యోజనమే మన ఆమడ. మన పెద్దల వాడుకలో కోసంటే దాదాపు రెండు మైళ్ళు. ఏ మనిషి అరిచినా రెండు మైళ్ళు వినబడదు. కొలతగాళ్ళ చేతిలో పడి క్రోశం గొంతు పోగొట్టుకుంది. కూతవేటును ఎవరూ అలా గజాల్లోకి బిగించలేదు. అందుకే అది ఇప్పటికీ గొంతును బట్టి, గాలిని బట్టి, వేళను బట్టి సాగుతుంది, కుంచించుకుపోతుంది.

వేళను బట్టి అన్నది కవిత్వానికి చెప్పలేదు. కృష్ణా డెల్టాలో చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల చుట్టుపక్కల నేలంతా బల్లపరుపు. కోతలైపోయి మంచు పడే రోజుల్లో తెల్లవారుజామున నేల చల్లబడుతుంది, దానిమీది గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ. అందువల్ల పైకి పోబోయిన శబ్దం వంగి మళ్ళీ కిందికి వస్తుంది. పక్క ఊరి గుడి మైకు మన పెరట్లో మోగినట్టుంటుంది. మిట్టమధ్యాహ్నం నేల కాగి ఉంటుంది కనుక అదే శబ్దం పైకి వంగిపోతుంది. ఒకే పొలానికి పొద్దున ఒక కూతవేటు, మధ్యాహ్నం ఒక కూతవేటు. ఏ మీటరు కర్రా చెప్పలేని నిజాన్ని ఈ పాత మాట తనలో ఉంచుకుంది.

ఇక కూత. కోయు–కోత, నేయు–నేత, మేయు–మేత, రాయు–రాత. ఈ వరసలోనిదే కూయు–కూత. డెల్టాలో కోత అంటే ఒక రుతువు, పెడనలో నేత అంటే ఒక బతుకు. ‘త’ చేరిన ఈ మాటలన్నీ చేసిన పనికి పేర్లు. కూత కూడా పనే. మిగతా శబ్దాల మాటలతో పోల్చండి. అలికిడి ఎవరూ కావాలని చేసేది కాదు, ఉనికి దానంతట అది బయటపడటం. చప్పుడుకు ఉద్దేశం లేదు. రొదకు మొదలూ తుదీ లేవు. మోతకు మూలం మ్రోయు, బరువు మోతకు మూలం మోయు. రెండూ కలిసిపోయి చెవికి భారమైన శబ్దానికి సరిగ్గా కుదిరాయి. కేకా పిలుపూ మనిషివే. కూతకు మాత్రం మనిషి గొంతే కావాలన్న పట్టింపు లేదు. కోడి కూస్తుంది, కోయిల కూస్తుంది, రైలు కూస్తుంది, ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంది. కావాలని చేసిన శబ్దమై, వినేవాళ్ళకు ఒక సంగతి తెలపాలి. అంతవరకే తెలుగు అడుగుతుంది. యంత్రాన్ని కూత కూయనిచ్చిన భాష ఇది, ఆవిరి ఇంజను వచ్చిన నాడే.

  

పదాల్లో శబ్దం వెతికేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలనడానికి ఘంటసాల పేరే ఉదాహరణ. ఆ పేరు వింటే ఎవరికైనా గంట వినబడుతుంది. నాగార్జునకొండ శాసనంలో మాత్రం ఆ ఊరు కంటకసేల. టాలెమీ పేర్కొన్న కంటకొస్సుల రేవు కూడా ఇదేనంటారు చరిత్రకారులు. గంట తరవాత మన చెవి చేర్చుకున్నది. కూతకు ఆ అనుమానం అక్కర్లేదు, నాలుగు ద్రావిడ భాషలూ సాక్ష్యం చెబుతున్నాయి.

యంత్రం కూస్తే యంత్రం వినడం మన పొలాల్లోకి మొబైల్ స్టార్టరుతో వచ్చింది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి టార్చి పట్టుకుని, పాములకు వెరుస్తూ, గట్టు మీద నడిచి వెళ్ళి మోటారు వేసేవాళ్ళు రైతులు. ఇప్పుడు స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో కూచుని ఆ నంబరుకు ఫోన్ చేస్తే పెట్టె తానే ఎత్తుతుంది. ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. ఈ రకం పెట్టెల్లో చాలావాటికి అందేది ఒక స్వరం. ఒకటి నొక్కితే 697, 1209 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి వినబడతాయి. అయిదుకు 770, 1336. ప్రతి అంకెకూ ఇలా ఒక జంట. 1963లో అమెరికా టెలిఫోన్లలో మొదలైన పద్ధతి ఇది. జంట ఎందుకంటే, మనిషి మాటలోనో ఈలలోనో ఒక స్వరం అనుకోకుండా దొరలవచ్చు, సరిగ్గా ఆ రెండూ ఒకే క్షణాన దొరలడం అరుదు. పైగా ఆ స్వరాల్లో ఏదీ ఇంకొకదానికి గుణిజం కాకుండా ఏరి పెట్టారు. దూరాన్ని మోసేది టవర్ల రేడియోయే, ఆ మాట దాచను. కాని మోటారును కదిలించిన ఆజ్ఞ మన చెవికి కూడా వినబడే శబ్దమే. దాన్ని కూత అనడానికి నాకు సందేహం లేదు.

రేడియోను పూర్తిగా వదిలేసి గాలిలోనే కూసే పరికరాలకు వస్తే, ఖర్చు లెక్క చూడాలి. నిజం చెప్పాలంటే కూసేటప్పుడు ఆదా ఏమీ లేదు. అక్షరానికింత అని కడితే రేడియోయే చవక. ఆదా అంతా వినడంలో ఉంది. పిలుపు కోసం మెలకువగా కూచున్న చిన్న రేడియోకు 5 నుంచి 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. శబ్దం తాకేదాకా నిద్రపోయి, తాకగానే లేచే మైకుకు 10 మైక్రో ఆంపియర్లు చాలు. ఒక రకం బిళ్ళ బ్యాటరీలో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటాయి. 10 మిల్లీ ఆంపియర్లు లాగితే అది 22 గంటల్లో అయిపోతుంది. 10 మైక్రో ఆంపియర్లయితే, కాగితం మీద లెక్కకు, రెండున్నరేళ్ళు వస్తుంది. రేడియో కూడా నిద్రపోవచ్చు. కాని నిద్రలో ఉన్న రేడియోకు పిలుపు వినబడదు, అదెప్పుడు లేవాలో గడియారం పెట్టి చెప్పాలి.

వేగం తక్కువే. తొలినాళ్ళ టెలిఫోన్ మోడెం సెకనుకు 300 బిట్లు పంపేది. శబ్దంతో పని కాబట్టి ఆ వేగాన్నే తీసుకుందాం. యూనికోడ్ లెక్కలో క, దీర్ఘమైన కొమ్ము, త మూడు గుర్తులు. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం తొమ్మిది. బైటుకు ముందూ వెనకా సరిహద్దు గుర్తులు కలిపితే పదేసి బిట్లు. అంటే ‘కూత’ అన్న మాటను కూతగా పంపడానికి 90 బిట్లు, సెకనులో మూడో వంతు కూడా పట్టదు. ఆ కాలంలో ధ్వని దాదాపు వంద మీటర్లు పోతుంది. మాట చివరి స్వరం స్పీకరు దాటేలోగా మొదటి స్వరం పొలం దాటిపోయి ఉంటుంది.

ఖర్చును మన భాష ఎప్పుడో కూతలో పెట్టింది. చెడుగుడులో ‘కూతకు వెళ్ళడం’ గుర్తు చేసుకోండి. అవతలి బరిలోకి ఒక్క ఊపిరితో వెళ్ళి, ఆ ఊపిరి తీరకముందే తిరిగి రావాలి. ఊపిరి తెగితే కూత తెగినట్టు, కూత తెగితే ఆట పోయినట్టు. ఇప్పటి కబడ్డీలో 30 సెకన్ల గడువు పెట్టారు గాని, అసలు గడియారం రొమ్ములోనే ఉంది. ఎంత శక్తి ఉందో అంతే కూత. బిళ్ళ బ్యాటరీ మీద బతికే పరికరం తయారు చేసేవాడి బాధ కూడా సరిగ్గా ఇదే. కూతకు వెళ్ళేముందు తిరిగొచ్చే ఊపిరి మిగుల్చుకోవాలి.

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని సామెత. ఊళ్ళో శబ్దంతో పంపే సంకేతానికి అసలు శత్రువు ఈ కూసే గాడిదే. చెరువు గట్టు మీద ఏరియేటర్ల హోరు, బజారులో ఆటోల హారన్లు, పెళ్ళి ఊరేగింపు బ్యాండు. అన్నీ ఒకే గాలిలో ఉంటాయి. రేడియోకు ఎవరి పౌనఃపున్యం వారికని చట్టం ఉంది, గాలికి లేదు. అందువల్ల ఈ విద్య దూరానికి పనికిరాదు, నా దృష్టిలో పనికిరావలసిన అవసరమూ లేదు. తలుపు వేస్తే గదిలోనే ఆగిపోవడం దాని గుణం. వైఫై గోడ దాటి పక్కింటికి పోతుంది. కూత కూతవేటులోనే ఉంటుంది.

మిగిలింది ఎవరికి వినబడుతుందన్నది. 2017 సెప్టెంబరులో గూగుల్ మన దేశంలో తేజ్ యాప్ తెచ్చినప్పుడు, పక్కపక్కనున్న రెండు ఫోన్లు శబ్దంతో ఒకదాన్నొకటి గుర్తుపట్టి డబ్బు పంపుకునే ఏర్పాటు అందులో ఉండేది. అలాంటి చోట్ల చెవికి దాదాపు అందనంత సన్నని స్వరాలు వాడతారు. పద్దెనిమిది వేల హెర్ట్జ్ దాటితే పిల్లలకు వినబడవచ్చు, చాలామంది పెద్దవాళ్ళకు వినబడదు. మనిషికి వినబడని ఈ స్వరాలను దుర్వినియోగం చేసే దారీ తెరుచుకుంది. టీవీ కార్యక్రమాల్లో దాచిన స్వరాలను ఫోను మైకుతో పట్టి ఎవరేం చూస్తున్నారో కనిపెట్టగల కోడ్‌ను వాడుతున్నారని, 2016 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 12 మంది యాప్ తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది. దాన్ని నేను కూత అనను. ఇద్దరికే అంది మూడోవాడికి అందకుండా సాగేదాన్ని తెలుగులో గుసగుస అంటారు. తెలియకుండా మన జేబులో సాగే గుసగుసకు అంతకంటే చెడ్డ పేరు పెట్టినా తప్పులేదు.

ఇక అందరికీ వినబడే అసలు కూత సంగతి. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే ప్రారంభించింది. ఇంటర్నెట్ లేని బటన్ ఫోను చేతిలో ఉన్నవాళ్ళ కోసం. అలాంటి ఫోన్లు దేశంలో 40 కోట్లకు పైగా ఉన్నాయని అప్పటి లెక్క. అందులో చూపిన నాలుగు దారుల్లో ఒకటి శబ్దం. ఒక నంబరుకు ఫోన్ చేసి, కొట్టులో పెట్టిన పరికరానికి ఫోను ఆనిస్తే, పరికరం తనదైన ఒక స్వరం వినిపిస్తుంది. ఆ స్వరం ఫోను మైకులోంచి, మామూలు మాట పోయే దారినే పోయి, అవతల కంప్యూటరుకు అందుతుంది. ఫోనుకు ఏ తెలివీ అక్కర్లేదు. మాటను మోసే ఆ దారి 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య స్వరాలనే మోస్తుంది కనుక, ఈ స్వరం మనిషి చెవికి వినబడక తప్పదు. బజారుల్లో ‘ఇంత అందింది’ అని పలికే సౌండ్ బాక్సుతో దీన్ని కలపకూడదు. దానికి వార్త సిమ్ ద్వారా వస్తుంది, అది కొట్టువాడి కోసం వేసే చాటింపు.

ఈ స్వరం మోసేది ‘ఈ కొట్టు నేను, ఇక్కడున్నాను’ అన్నంతే. కోడి కూసినా, రైలు కూసినా చెప్పేది అదే కదా. రహస్యమైన పిన్ అందులో ఉండదు, అది వేళ్ళకే వదిలారు. కూత మొదలవగానే కొట్టువాడు వింటాడు, కొన్నవాడు వింటాడు, వెనక నిలబడ్డవాళ్ళు వింటారు. విన్నాక కొన్నవాడు హ్యాష్ నొక్కి, ఇవ్వాల్సిన సొమ్ము నొక్కి, పిన్ నొక్కుతాడు.