గోడ కట్టేముందు గడియారం చూడాలి

కాలేజీ భవనాల బాగోగులు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్త క్యాంపస్‌లకు ప్లాన్లు గీసే కుర్రాళ్లు సలహాకు వస్తే ముందు సోలార్ ప్యానెళ్లు, ఏసీ మీది స్టార్ల గురించే మాట్లాడతారు. ఒకసారి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చూసి రండి, అదీ మే నెల మధ్యాహ్నం రెండింటికి, అంటాను.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి ఏళ్లు ఊరి మధ్యనే గడిపింది. అడిక్‌మెట్‌లో సొంత క్యాంపస్ కట్టాలనుకున్నాక నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. నమూనా గీసే పని బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌కు దక్కింది. ఆయన అప్పటికే కైరో పక్కన హీలియోపొలిస్‌లో పెద్ద హోటల్ కట్టినవాడు, ఎండ సంగతి తెలిసినవాడు. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభోత్సవం జరిగాయి.

అందరూ ఆ భవనంలో అజంతా ఎల్లోరా స్తంభాలను, కమానులను చూస్తారు. నా కళ్లు మాత్రం గోడ మందం మీద, గది ఎత్తు మీద, వెడల్పాటి వరండాల మీద ఉంటాయి. ఏసీలు లేని రోజుల్లో చల్లదనాన్ని కాగితం మీదే సాధించాలి మరి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ బయటి వేడిని ఆరేడు గంటల్లో లోపలికి చేరుస్తుంది. రెండడుగుల రాతి గోడైతే పదిహేను గంటల దాకా ఆపుతుంది. పగటి ఎండ లోపలికొచ్చేసరికి క్లాసులన్నీ అయిపోయి అందరూ ఇళ్లకు పోయుంటారు. కాలేజీ టైంటేబుల్‌కి సరిగ్గా సరిపోయిన గోడ అది.

తర్వాతి కాలం సిమెంటుది, కరెంటుది. గోడలు పలచబడ్డాయి, పైన నాలుగైదు అంగుళాల శ్లాబు వచ్చింది. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో సూర్యుడు హైదరాబాదుకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండంతా శ్లాబు మీదే. పై అంతస్తు క్లాసుల్లో ఫ్యాను తిప్పేది వేడిగాలినే. ఆ తర్వాత అద్దాల గోడలొచ్చాయి. నేను చూసుకున్న ఒక భవనానికి పడమటి ముఖమంతా అద్దమే. కర్టెన్లు మూసి, లైట్లు వేసి, ఏసీ పెట్టి పాఠాలు చెప్పేవాళ్లు.

పడమరతో వచ్చే చిక్కు లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మార్చి ఆఖర్లో మధ్యాహ్నం పన్నెండింటికి దక్షిణపు కిటికీ మీద రెండడుగుల చజ్జా ఉంటే దాని నీడ ఆరడుగులకు పైగా దిగుతుంది. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ మీద అదే చజ్జా నీడ అడుగున్నర కూడా రాదు. అందుకే మన పాతవాళ్లు పడమటివైపు చజ్జాతో సరిపెట్టుకోక వరండానో చెట్లనో పెట్టారు.

2004లో హైటెక్ సిటీ దగ్గర సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ కట్టినప్పుడు నడిమి లోగిళ్లు, జాలీ గోడలు, గాలి బురుజులు, మిద్దె మీద పచ్చిక మళ్లీ కనబడ్డాయి. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అదే. 2007లో కేంద్రం ఇంధన పొదుపు భవన నియమావళి తెచ్చింది. గోడలో, కప్పులో, కిటికీలో వేడి ఎంత దాటొచ్చో అందులో అంకెలతో రాశారు.

అలాగని పాత రాతి గోడను ఎక్కడ పడితే అక్కడ పెట్టమనను. పగలు పీల్చిన వేడిని అది రాత్రి వదులుతుంది. హాస్టల్‌కి అలాంటి గోడ కడితే పిల్లలు రాత్రంతా ఉడికిపోతారు. అక్కడ పొద్దుగూకగానే చల్లారే పలచని గోడ, ఎదురెదురు కిటికీలు, వేడి దిగకుండా పైకప్పు మీద తెల్ల పెంకులు కావాలి. రాత్రి పదింటిదాకా తెరిచుండే లైబ్రరీది ఇంకో లెక్క. కాబట్టి బిల్డింగ్ కమిటీ వాళ్లు నన్నడిగితే మొదటి ప్రశ్న ఒకటే వేస్తాను: ఈ గదిలో మనుషులు ఏ గంట నుంచి ఏ గంట దాకా కూర్చుంటారు? దానికి జవాబు చెప్పాకే గోడ మందం రాయండి, ఏసీ సైజు ఆ తర్వాత.