నాలుగు స్వరాల తగువు

ఏలూరుకు దగ్గర్లో, దెందులూరు మండలంలో సోమవరప్పాడు అనే ఊరుంది. 1926 మార్చి 27న అన్నవరపు రామస్వామి అక్కడ పుట్టారు. మరో నాలుగేళ్లకు, 1930 జులై 6న, కోనసీమలోని శంకరగుప్తంలో, తర్వాత బాలమురళిగా పేరుపడిన మంగళంపల్లి మురళీకృష్ణ పుట్టారు. ఒకరిది ఫిడేలు, ఇంకొకరిది గాత్రం. ఇద్దరూ బెజవాడ చేరి ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఇద్దరూ పెద్దవాళ్లయ్యాక అంతకుముందు ఎవరూ పాడని రాగాలు కట్టారు, ఎవరూ వేయని తాళాలు వేశారు. ఆ కొత్త రాగాల మీద, ముఖ్యంగా బాలమురళి నాలుగు స్వరాల రాగాల మీద, కర్ణాటక సంగీత లోకంలో పెద్ద తగువే నడిచింది. అది రాగమేనా? దాన్ని సృష్టి అనవచ్చా? ఈ రెండు ప్రశ్నల చుట్టూ సభల్లోనూ పత్రికల్లోనూ దుమారం రేగింది. ఆ వాదన తేలకుండానే సద్దుమణిగిపోయింది. ఇవాళ దాన్ని మళ్లీ తెరవాల్సిన అవసరం ఉంది. అప్పుడు అడగవలసిన అసలు ప్రశ్న పక్కకు పోయిందని నా నమ్మకం.

త్యాగయ్య నుంచి బెజవాడ దాకా

ముందు ఆ గురువు సంగతి చెప్పుకోవాలి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు కృష్ణా తీరంలోని శ్రీకాకుళం గ్రామంవారు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి గురువు ఆకుమడుగుల మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యుడు. ఆ లెక్కన బాలమురళి, అన్నవరపు ఇద్దరూ త్యాగయ్యతో మొదలైన వరుసలో అయిదో తరం. రామస్వామి తొలి పాఠాలు మాగంటి జగన్నాథ చౌదరి దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత పంతులుగారి గురుకులంలో చేరారు. మురళీకృష్ణ ఎనిమిదో ఏటే త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేశాడు. ఆ పిల్లవాడి పాట విన్న హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. పదిహేనేళ్లు వచ్చేసరికే ఆ కుర్రాడు 72 మేళకర్త రాగాలన్నింటిలో కృతులు రాసే పనిలో పడ్డాడు. అవే తర్వాత ‘జనకరాగ కృతిమంజరి’గా వెలువడ్డాయి.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అన్నవరపు అందులో నిలయ విద్వాంసుడిగా చేరి దశాబ్దాల పాటు వాయించారు. బాలమురళి కూడా అక్కడ పనిచేశారు, విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లకు, ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాలకు ఈ సంగీతం చేరింది ఎక్కువగా రేడియోలోనే. టిక్కెట్టు కొని మద్రాసు సభలకు వెళ్లలేని రైతు, చేపల వ్యాపారి, బడిపంతులు తెల్లవారుజామున భక్తిరంజని కార్యక్రమం పెట్టుకుని బాలమురళి గొంతు విన్నారు. శాస్త్రీయ సంగీతానికి ఇంత విశాలమైన శ్రోతల సమూహం దొరికిన కాలంలోనే కొత్త రాగాల ప్రయోగాలూ సాగాయి. ప్రయోగాలన్నీ మహానగరంలో పదిమంది రసికుల మధ్యే పుడతాయనే అభిప్రాయానికి ఇది గట్టి జవాబు.

మహతిలో ఏముంది

బాలమురళి కట్టిన రాగాల్లో అందరికంటే పేరుపడింది మహతి. నారదుడి వీణ పేరది. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. ఆరోహణలోనూ అవరోహణలోనూ ఈ నాలుగే. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవతం లేదు. ఆయన మరో రాగం లవంగిలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం ఉంటాయి. అక్కడ పంచమమూ లేదు, నిషాదమూ లేదు. సర్వశ్రీ, ఓంకారి, గణపతి అనే రాగాలను ఆయన మూడేసి స్వరాలతోనే నడిపారు.

పాడేవాళ్లకు ఇదెంత కష్టమో కొంచెం ఆలోచించాలి. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. ఒక స్వరాన్ని పక్క స్వరం వైపు ఊపి వెనక్కి తేవడంలోనే రాగం తన ముఖం చూపిస్తుంది. పక్క స్వరాలే లేనప్పుడు ఊపుకు చోటు తగ్గిపోతుంది. గాయకుడి చేతిలో మిగిలేవి జారు, స్వరం మీద నిలకడ, లయతో ఆట, మధ్యమధ్య మౌనం. తోడి, కాంభోజి లాంటి రాగాల్లో గంటసేపు ఆలాపన చేయగల విద్వాంసుడు కూడా మహతిలో అయిదు నిమిషాలకే తడుముకోవచ్చు. పక్కన ఫిడేలు పట్టిన మనిషికి ఇంకా గడ్డు పరీక్ష. గాయకుడు ఎటు పోతాడో ముందు తెలియదు, పోయిన దారి ఇంతకుముందు ఎవరూ నడిచింది కాదు, అయినా వెంటనే బదులివ్వాలి. సహాధ్యాయి కచేరీల్లో పక్కవాద్యం వాయించిన అన్నవరపు రామస్వామి లాంటివాళ్లు ఆ పరీక్షను వేదిక మీదే ఎదుర్కొన్నారు.

అభ్యంతరాలు బలమైనవే

ఈ రాగాలను కాదన్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. ముందు నిలిచినవారు వీణ ఎస్. బాలచందర్. ఆయన ఛాందసుడు కాదు. పాటలే లేకుండా ‘అంద నాళ్’ (1954) అనే తమిళ సినిమా తీసిన దర్శకుడు, వీణ మీద తనదైన బాణీ వెతుక్కున్న సాహసి. అలాంటి వ్యక్తి బాలమురళి రాగసృష్టి వాదాన్ని బహిరంగంగా ఎదిరించడంతో తగువు పదునెక్కింది.

వ్యతిరేకుల వాదనలను మూడు పాయలుగా చూడవచ్చు. ఒకటి: రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది శాస్త్రం, నాలుగింటితో కట్టింది రాగం కాజాలదు. రెండు: స్వరాల వరుస ఒక్కటే రాగం అనిపించుకోదు, తరతరాల సంచారాలూ ప్రయోగాలూ పోగుపడి రాగం అవుతుంది. మూడు: స్వరాలు ఎప్పటినుంచో ఉన్నాయి, అందులో నాలుగు ఏరి పేరు పెట్టినంత మాత్రాన సృష్టికర్త అయిపోరు.

మూడో వాదనకు లెక్కల బలం కూడా ఉంది. 17వ శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాల పట్టిక వేశాడు. ఆ మేళాల నుంచి అయిదు, ఆరు, ఏడు స్వరాల జన్యరాగాలు ఎన్ని పుట్టవచ్చో లెక్కకడితే 34,776 అవుతాయి. కాగితం మీద ఇన్ని వేల రాగాలున్నా మన కచేరీల్లో వినిపించేవి కొన్ని వందలు దాటవు. అంటే వరుస దొరకడం గొప్ప కాదు, దానికి ప్రాణం పోయడం గొప్ప. ఇంతవరకు బాలచందర్ పక్షంతో ఏకీభవించక తప్పదు.

అయితే ఇదే సూత్రాన్ని త్యాగయ్యకు వర్తింపజేస్తే ఏమవుతుంది? ఖరహరప్రియ వరుస మేళకర్త పట్టికలో ఉన్నదే. పెద్ద రాగంగా మనముందు నిలబడింది త్యాగయ్య కృతులతోనే. ఆయన రాసిన ఒకే ఒక్క కృతితో బతుకుతున్న రాగాలు కూడా ఎన్నో ఉన్నాయి. ఆ రాగాలకు తరతరాల ప్రయోగాలు ముందుగా ఎక్కడున్నాయి? మొదట కృతి వచ్చింది, దాన్ని పాడినవాళ్లు సంచారాలు పోగుచేశారు. త్యాగయ్యకు ఇచ్చిన ఆ వ్యవధిని, అయిదో తరం శిష్యుడికి ఇవ్వకపోవడం న్యాయం అనిపించుకోదు.

మతంగుడు చెప్పిన ఆంధ్ర అడవులు

ఇక అయిదు స్వరాల నియమం. దీనికి మూలం మన ప్రాచీన గ్రంథాల్లోనే ఉంది. ‘బృహద్దేశి’ రాసిన మతంగుడు, నాలుగూ అంతకంటే తక్కువ స్వరాల పాటలు మార్గ (శాస్త్రబద్ధ) సంగీతంలోకి రావన్నాడు. అక్కడితో ఆగితే బాలమురళి వాదం వీగిపోయినట్టే. కానీ మతంగుడు ఇంకో మాట కూడా చేర్చాడు. అలాంటి పాటలు ఎవరు పాడతారో పేర్లు చెప్పాడు. శబరులు, పుళిందులు, కిరాతులు మొదలైనవారితో పాటు ఆంధ్ర, ద్రవిడ ప్రాంతాల అడవుల పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి.

వెయ్యేళ్లకు పైబడిన ఈ సాక్ష్యం ఈ తగువులో తగినంత వినబడలేదన్నది నా బాధ. నాలుగు స్వరాల గానాన్ని శాస్త్రం ఎరగదనడం సరికాదు. ఎరిగి, అది ఇక్కడి జనం పాటని రాసిపెట్టి, మార్గ సంగీతం గడప బయట నిలబెట్టింది. కొల్లేటి లంకల్లో పడవ నడిపేవాళ్ల పదాలూ, ఊడ్పుల్లో ఆడవాళ్లు ఎత్తుకునే పాటలూ, ఉయ్యాల పాటలూ చెవిపెట్టి వింటే చాలావరకు మూడు నాలుగు స్వరాల మధ్యే తిరగడం గమనిస్తాం. అంత కొద్ది స్వరాల్లోనే మన జనం ఏడ్చారు, నవ్వారు, బిడ్డల్ని నిద్రపుచ్చారు. బాలమురళి ఈ గ్రంథవాక్యాన్ని మనసులో పెట్టుకునే మహతి కట్టారని నేను అనను. ఫలితం మాత్రం ఇదీ: గడప బయట ఉన్నదాన్ని త్యాగరాజ పరంపర విద్వాంసుడొకడు కచేరీ వేదిక నడిమధ్యకు తెచ్చాడు.

పియానోలో మరమేకులు

ఇదే తగువు సముద్రాలకు అవతల పియానో చుట్టూ నడిచింది. 1909లో స్వరకర్త షోన్‌బెర్గ్ తన ఓపస్ 11 పియానో రచనల్లో, ఒక ఆధార స్వరం చుట్టూ సంగీతం అల్లే పాత పద్ధతిని వదిలేశాడు. ఇది సంగీతమేనా అని యూరప్ కొట్లాడుకుంది. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ఇంకా ముందుకు వెళ్లాడు. పియానో తీగల మధ్య మరమేకులు, రబ్బరు ముక్కలు దూర్చి దాని ధ్వనినే మార్చేశాడు. 1946-48 మధ్య రాసిన ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్’లో 45 స్వరాల తీగలకు ఇలా ముస్తాబు చేశాడు. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో పియానిస్టు డేవిడ్ ట్యూడర్, కేజ్ రచన ‘4’33”’ కోసం నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు ఒక్క మీట కూడా నొక్కకుండా పియానో ముందు కూర్చున్నప్పుడు శ్రోతలు మండిపడ్డారు.

ఈ కథలో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. ఆ సొనాటాలు మొదలుపెట్టే రోజుల్లో కేజ్ అసలు సంగీతం ఎందుకు రాయాలి అన్న సందేహంలో కొట్టుమిట్టాడుతున్నాడు. అహ్మదాబాదు నుంచి న్యూయార్క్ వచ్చిన గీతా సారాభాయ్ అతనికి భారతీయ సంగీతం నేర్పి, బదులుగా పాశ్చాత్య స్వరరచన నేర్చుకున్నారు. మనసును నెమ్మదింపజేసి దైవానుగ్రహానికి సిద్ధం చేయడమే సంగీత ప్రయోజనమని తన గురువు చెప్పిన మాట ఆమె కేజ్‌కు చెప్పారు. కళాతత్వవేత్త ఆనంద కుమారస్వామి రచనల ద్వారా అతను రససిద్ధాంతం చదివాడు. నవరసాలను, వాటి నడుమ శాంతాన్ని తన పియానో సొనాటాల్లో పలికించాలనుకున్నాడు.

మహతిని పియానో మీద వాయిస్తే మరో సంగతి తెలుస్తుంది. సి, ఇ, జి, బి-ఫ్లాట్ అనే నాలుగు మీటలు అవి. ఒక్కసారిగా నొక్కితే పాశ్చాత్య సంగీతంలో బాగా పరిచయమున్న సెవెంత్ కార్డ్ మోగుతుంది. వాళ్ల సంప్రదాయంలో ఆ కార్డ్ కుదురుగా ఉండదు, తర్వాతి కార్డ్ వైపు లాగుతుంది. మన దగ్గర కింద తంబుర షడ్జాన్ని వదలకుండా మోగుతూ ఉంటుంది కాబట్టి ఆ లాగుడు సాగదు. ఎక్కడికో వెళ్లాలన్న తపన, కదలలేని నిలకడ రెండూ ఒకేసారి వినిపిస్తాయి. ఇది కార్డ్‌ను విడగొట్టి పాడటమే తప్ప రాగం కాదని ఎవరైనా అనవచ్చు. కానీ స్వరకర్త బాఖ్ 1722 నాటి ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’ సంపుటిలో మొదటి ప్రెల్యూడ్ ఆసాంతం విడగొట్టిన కార్డులతోనే నడుస్తుంది. దాని అందాన్ని ఎవరూ ప్రశ్నించరు.

కొలబద్ద ఏది

కేజ్ తన సందేహానికి జవాబు కోసం మన రససిద్ధాంతం దగ్గరకు వచ్చాడు. మనం మాత్రం మన విద్వాంసుడి కొత్త రాగాన్ని కొలిచేటప్పుడు ఆ సిద్ధాంతాన్ని పక్కనపెట్టి లక్షణగ్రంథం ఒక్కటే చేతబట్టాం. ఎన్ని స్వరాలు, ఏ మేళం జన్యం, ఎవరిది ముందు అని అడిగాం. విన్నవారిలో ఏ భావం కదిలింది, ఎంతసేపు నిలిచింది అని అడగలేదు. లక్షణం రాగాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. కళ విలువ తేల్చే పని దానిది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో ఆ పనిని రసానికి అప్పగించాడు.

రసం అంటే ఎవరికి నచ్చింది వారికి గొప్ప అనే వదులు మాట కాదు. అది సాధన ఉన్న శ్రోతను కోరుతుంది, పదే పదే వినడాన్ని కోరుతుంది. ఆ కొలబద్దతో చూస్తే బాలమురళి రాగాలన్నీ సమానం కావు. మూడు స్వరాల రాగాలు నా చెవికి గొప్ప విన్యాసాలుగానే మిగిలాయి. ఆయన గొంతు లేకపోతే అవి నిలుస్తాయన్న ధీమా నాకు లేదు. మహతి సంగతి వేరు. 1975లో ఎం.ఎస్. విశ్వనాథన్ ‘అపూర్వ రాగంగళ్’ సినిమాలో ఆ రాగంలో పాట కట్టారు, ఏసుదాస్ పాడారు. తగువు సంగతి తెలియని లక్షలమంది దాన్ని ప్రేమించారు. కట్టినవాడి గొంతు దాటి, ఇంకొకరి ఊహలో, ఇంకొకరి గొంతులో బతకగలిగింది కాబట్టి మహతిని రాగం అనడానికి నేను వెనకాడను.

అన్నవరపు రామస్వామి కట్టిన వందన, శ్రీదుర్గ రాగాలకు, త్రినేత్రాది, వేదాది తాళాలకు అలాంటి అవకాశం ఇంకా రాలేదు. 1996లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2021లో పద్మశ్రీ ఆయన్ను వరించాయి. బాలమురళికి 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్ దక్కాయి. 2016 నవంబరు 22న ఆయన కన్నుమూశారు. ఫిడేలు విద్వాంసుడి సృజనను పక్కవాద్యం ఖాతాలో వేసి ఊరుకోవడం మనకు అలవాటు. ఫిడేలే ఒకప్పుడు బాలుస్వామి దీక్షితర్ కాలంలో పడమటి నుంచి వచ్చిన కొత్త వాద్యం. దాన్ని మనది చేసుకోవడానికి కాలం పట్టింది. అంత ఓపిక మన వాళ్ల రాగాల మీద ఎందుకు చూపకూడదు?

చేయవలసిన పనులు పెద్దవేం కావు. సంగీత కళాశాలల పాఠ్యప్రణాళికలో ఈ రాగాలను వినికిడి పాఠాలుగా పెట్టాలి. ఆకాశవాణి దగ్గరున్న పాత రికార్డింగులను వరుసగా ప్రసారం చేయాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడుల్లో జరిగే త్యాగరాజ ఆరాధనల్లో, నవరాత్రి కచేరీల్లో త్యాగయ్య పంచరత్న కృతుల పక్కన ఒక్క కొత్త రాగానికి చోటివ్వాలి. పాడేవాళ్లు పాడి చూడాలి, వినేవాళ్లు ఒకటికి మూడుసార్లు విని అప్పుడు వాదించాలి. నిలవలేని రాగం దానంతట అదే రాలిపోతుంది, అందులో ఎవరికీ నష్టం లేదు. నిలవగలిగినదాన్ని వినకుండా పోగొట్టుకుంటే నష్టపోయేది మనమే, ఎందుకంటే అది త్యాగయ్య పరంపరలో మన ఊళ్లు కన్న సంగీతం.